గబ్బిలం చేత కబురంపిన కవి

‘గబ్బిలం’ కావ్యాన్ని మనసులో చదువుకుంటే సగమే అందుతుంది. గొంతెత్తి చదవాలి. మూకీల రోజుల్లో రాజమండ్రిలో తెరమీది బొమ్మకు తగ్గట్టు కథా, సంభాషణలూ చదివి పొట్టపోసుకున్నవాడు గుర్రం జాషువా. ఏ మాట దగ్గర జనం ఊపిరి బిగబడతారో ఆయనకు అక్కడే తెలిసి ఉంటుంది. సీసం నాలుగు పాదాల్లో ఫిర్యాదు మీద ఫిర్యాదు పేర్చుకుంటూ పోతాడు, ఎత్తుగీతిలో ఒక్కసారిగా దించుతాడు. యతి కోసం మాటను ఈడ్చుకొచ్చిన జాడ ఉండదు. పలక పట్టిన పిల్లాడికీ అర్థమయ్యే తెలుగు. అయినా పండితుడు వంక పెట్టలేడు. చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి అంతటివాడు ఆయన కాలికి గండపెండేరం తొడిగాడంటే ఊరికేనా!

1895లో వినుకొండలో పుట్టాడు. తండ్రి యాదవుడు, తల్లి మాదిగ. అటూ ఇటూ వెలే. గుంటూరులో తెలుగు పంతులుగా పనిచేశాడు, 1971లో ఈ ఊళ్లోనే కన్నుమూశాడు. మిగతా జీవితచరిత్ర పుస్తకాల్లో ఉంది. నాకు కావలసింది ఆయన పనితనం.

కాళిదాసు యక్షుడు ఏడాది శాపానికే మేఘాన్ని బతిమాలుకున్నాడు. 1941లో వచ్చిన ‘గబ్బిలం’లో తంజావూరి అరుంధతీసుతుడి అంటరానితనపు శాపానికి గడువు లేదు, పుట్టుకతో వచ్చింది. అతనికి హంసా చిలకా ఎవరిస్తారు? ఇంట్లోకొస్తే అరిష్టమనే గబ్బిలాన్నే జాషువా శివుడి దగ్గరికి దూతను చేశాడు. గుళ్లోకి మనిషి పోకూడదు, గబ్బిలం పోవచ్చు. శివుడి తలదగ్గరే తలకిందులుగా వేలాడుతుంది, పూజారి లేనప్పుడు చెవిలో చెప్పగలదు. ఆ ఒక్క ఎంపికలోనే వాదమంతా ఉంది. తిట్టు అక్కర్లేకపోయింది. గుడి కట్టినవాళ్ల సందేశకావ్యాన్నే తీసుకుని గుడి తలుపు తట్టాడు. అంతకుముందు 1919లో, అమెరికాలో నల్లవాళ్లమీద దాడులు జరుగుతున్నప్పుడు, జమైకానుంచి వచ్చిన క్లాడ్ మెకే ఇంగ్లీషువాళ్ల సానెట్‌లోనే తిరగబడ్డాడు. ఒకరి సంగతి ఒకరికి తెలుసని నేననను. దొరల ఛందస్సును దొరలకంటే బాగా రాసి చూపడం మాత్రం ఇద్దరి పద్ధతీ.

ఆ తర్వాత మన చేలమధ్యే నెత్తురు పారింది. 1985 జూలై 17న కారంచేడులో, 1991 ఆగస్టు 6న చుండూరులో దళితులను చంపారు. అప్పుడు పద్యం చాలలేదు. 1995లో ‘చిక్కనవుతున్న పాట’ దళిత కవితా సంకలనంలో వచన కవిత కొత్త గొంతు ఎత్తింది. అందులోని పదును తెలియాలంటే నరసరావుపేట మద్దూరి నగేష్‌బాబును చదవాలి. ‘వెలివాడ’, ‘రచ్చబండ’! వాడలో మాట్లాడే మాటను ఇస్త్రీ చేయకుండా అచ్చులోకి తెచ్చాడు. ఆ మాటలో వెటకారం, ఏడుపు ఒకే వాక్యంలో ఉంటాయి. విడదీయడం ఎవరి తరమూ కాదు. 2005లో, ఇంకా ఎంతో రాయాల్సిన వయసులో పోయాడు.

ఆడవాళ్ల సంగతికి వస్తే, గుంటూరులో పుట్టిన ఓల్గా ‘నీలిమేఘాలు’ అనే స్త్రీవాద కవితల సంకలనం తెచ్చింది. సావిత్రి ‘బందిపోట్లు’ కవితలో పెళ్లి చేస్తానని బెదిరించే పంతులుగారి మామూలు మాటే సాక్ష్యమై నిలబడింది. అయితే మిరపకోతకు వంగిన నడుముకు కులం కూడా ఉంది కదా! ఆ మాటను గట్టిగా చెప్పినవాళ్లలో ‘మంకెనపువ్వు’ రాసిన చల్లపల్లి స్వరూపరాణి ముందుంటుంది. ఉమ్మడి గుంటూరు జిల్లా మనిషే. ఇంట్లో మగవాడి పెత్తనాన్నీ, బయట కులం పెత్తనాన్నీ ఒకే చూపుతో చూస్తుంది. ఏదీ రెండోదానికి సాకు కాదు. నా దృష్టిలో జాషువా తర్వాత ఈ నేలకు దక్కిన అసలైన వారసత్వం ఇదే. ఎవరికి కోపం వచ్చినా సరే.

ఇప్పుడు గుంటూరు బ్రాడీపేట లైన్లలో ఏ సభకు వెళ్లినా కడుపు మండుతోంది. సెప్టెంబరు 28 వస్తే జాషువా విగ్రహానికి దండలు, ఫ్లెక్సీలు. ‘గబ్బిలం’ నుంచి మెత్తని పద్యం ఒకటి రాగం తీసి చదువుతారు, నిలదీసే పద్యం వదిలేస్తారు. ‘విశ్వనరుడు’ అని బిరుదులా పిలిచి, ఆయన్ను వెలివేసిన కులం ఊసెత్తరు. ఇంకోవైపు పేపర్లో చదివిన వార్తను నాలుగు ముక్కలు చేసి, చివర మూడు ఆశ్చర్యార్థకాలు పెట్టి ధిక్కార కవిత్వమంటున్నారు. మిరపకాయలకు రంగు పూసి యార్డుకు తోలినట్టుంది వ్యవహారం. కోపం నిజమే కావచ్చు, దానికి పని నేర్పాలి కదా నాయనా! జాషువా రాసిన ఒక్క సీసం ముందు పెట్టుకుని, ఎక్కడ ఆగాడో, ఏ మాట దాచి ఎత్తుగీతిలో విప్పాడో చూడండి. నగేష్‌బాబు కవితలో ఒక్క మాట తీసి చూడండి, కవితంతా కూలుతుంది.

నా దగ్గరున్న నగేష్‌బాబు పుస్తకాలు జిరాక్సు ప్రతులే. అక్షరాలు చెరిగిపోతున్నాయి. జయంతికి ఫ్లెక్సీలు కట్టించే పెద్దలారా, ఒక్క ఏడు ఆ ఖర్చు మానుకుని ‘వెలివాడ’నూ ‘మంకెనపువ్వు’నూ అచ్చువేయించి జిల్లాలో ప్రతి హైస్కూలు తెలుగు మేష్టారికీ పంపండి. ‘గబ్బిలం’ కూడా పంపండి, ఏ పద్యమూ ఎగరగొట్టకుండా.