పంపకాల పద్దు

మా క్లాన్ లెక్కలన్నీ ఒక రూళ్ల నోటుబుక్కులో ఉంటాయి. అట్ట మీద 'ఫిజిక్స్' అని ఉంటుంది. మొదటి పది పేజీలు నిజంగా ఫిజిక్సే. పదకొండో పేజీ నుంచి ఆదివారం వార్‌లో ఎవరు దాడి చేశారు, ఎవరు ఎగ్గొట్టారు, అడిగినప్పుడు ఎవరు సైన్యం పంపారు, కిందటి నెల బోనస్ పతకాలు ఎవరికి వెళ్లాయి అన్న పద్దులు మొదలవుతాయి. గుంటూరు జిల్లా పొన్నూరు, నిడుబ్రోలు కుర్రాళ్లు పది మందితో మొదలైన గుంపు ఇది. ఇప్పుడు గుంపు పెరిగింది, సగం మంది హైదరాబాదులో ఉన్నారు, నలుగురు డాలస్‌లో ఉన్నారు. నాకంటే బాగా ఆడేవాళ్లు అందులో కనీసం పదిహేను మంది. అయినా పుస్తకం నా దగ్గరే ఉంటుంది, ఎందుకంటే దాన్ని రాయడానికి ఇంకెవరికీ ఓపిక లేదు. గిల్డు నడపడం అంటే ఏమిటని ఎవరైనా అడిగితే ఈ పుస్తకమే చూపిస్తాను.

ఫోన్‌లో ఆటలు ఆడని పాఠకుల కోసం రెండు మాటలు. వేలమంది ఒకేసారి ఆడే ఆటల్లో ఒంటరిగా గెలవలేని పనులు కొన్ని ఉంటాయి. వాటి కోసం ఆటగాళ్లు కట్టుకునే సంఘమే గిల్డు. ఒక్కో ఆటలో దానికి ఒక్కో పేరు. ఫిన్లండ్ కంపెనీ సూపర్‌సెల్ 2012లో తెచ్చిన, మేం ఆడే క్లాష్ ఆఫ్ క్లాన్స్‌లో దాన్ని క్లాన్ అంటారు. అందులో యాభై మందికి మించి చేరడానికి వీల్లేదు. లీడర్ ఒకడు, ఆ కింద కో-లీడర్లు, ఎల్డర్లు, మెంబర్లు. రెండు క్లాన్‌లు తలపడే మామూలు వార్‌లో మనిషికి రెండు దాడులు. లీగ్ అయితే ఏడు రోజులు, రోజుకు ఒక్క దాడే. ఆ ఒక్కటీ ఎగ్గొడితే మిగతావాళ్ల శ్రమ మీద నీళ్లు పోసినట్టే.

బయటినుంచి చూసేవాళ్లు గిల్డు బలం అంటే మంచి ఆటగాళ్లేననుకుంటారు. మొదట్లో నేనూ అలాగే అనుకుని, పై స్థాయి ఆటగాళ్లను ఎక్కడెక్కడినుంచో పిలిచి చేర్చుకున్నాను. మూడు వారాల్లో ముగ్గురు వెళ్లిపోయారు. పోతూ పోతూ మావాళ్లను ఇద్దరిని వెంటబెట్టుకుపోయారు. ఊళ్లో పద్యనాటకం ఆడించిన పెద్దవాళ్లను అడిగితే ఈ సంగతి ముందే చెప్పేవాళ్లు. కృష్ణుడి వేషానికి నలుగురు పోటీ పడతారు, తెర లాగడానికి మాత్రం మనిషి దొరకడు. ఆటల్లోనూ అంతే. 2004లో వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో మొదట్లో ఒక పెద్ద రాక్షసుణ్ని పడగొట్టడానికి నలభై మంది కావాల్సి వచ్చేది. దెబ్బలు కాచేవాడు, గాయాలు మాన్పేవాడు, కొట్టేవాడు అని అందులో మూడు రకాల వేషాలు. కొట్టేవాళ్లకు ఎప్పుడూ కరువు లేదు. గాయాలు మాన్పేవాళ్ల కోసమే గిల్డులు వెతుక్కునేవి. మా ఆటలో ఆ పని అడిగినవాడికి సైన్యం పంపడం. దానివల్ల పంపినవాడి ఊరు అంగుళం కూడా పెరగదు, పుచ్చుకున్నవాడు మాత్రం వార్ గెలుస్తాడు. నా పుస్తకంలో దీనికి ప్రత్యేకంగా ఒక గడి ఉంది. ఆ గడి పెట్టిన నెల నుంచే పంపడం పెరిగింది. పేరు రాస్తున్నారని తెలిస్తే చాలు, మనవాళ్లకు చెయ్యి కదులుతుంది.

అసలు తగాదా పంపకం దగ్గర వస్తుంది. నలభై మంది అర్ధరాత్రి దాకా కూర్చుని రాక్షసుణ్ని పడగొడితే దక్కేది రెండో మూడో ఆయుధాలు. ఎవరికివ్వాలి? 1999లో ఎవర్‌క్వెస్ట్ అనే ఆటలో ఆఫ్టర్‌లైఫ్ అనే గిల్డు దీనికొక మార్గం కనిపెట్టింది. రాక్షసుణ్ని పడగొట్టిన ప్రతిసారీ వచ్చినవాళ్లందరికీ కొన్ని పాయింట్లు రాస్తారు. ఆయుధం దొరికినప్పుడు ఆ పాయింట్లు ఖర్చు పెట్టి తీసుకోవాలి. దీనికి 'డ్రాగన్ కిల్ పాయింట్లు' అని పేరు పెట్టారు. తర్వాత వచ్చిన గిల్డులు దీనికి పాట కూడా జోడించాయి. ఎవరెక్కువ పాయింట్లు పాడితే వాళ్లది.

ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. ఇది మనింటి చీటీయే కదా. ఇరవై మంది, ఇరవై నెలలు, నెలకో పాట. అవసరం ఎక్కువున్నవాడు తరుగు ఎక్కువ పాడుకుని ముందు ఎత్తుకుంటాడు, ఆగగలిగినవాడు ఆగి లాభపడతాడు. పాట పదిమంది ముందు జరుగుతుంది, లెక్క ఎవరడిగినా చూపించాలి. పొన్నూరులో చీటీ వెయ్యని ఇల్లు ఉంటుందంటే నేను నమ్మను. అయితే రెండింటికీ ఒక తేడా ఉంది, దాన్ని పట్టించుకోని గిల్డులు చాలా చెడిపోయాయి. చీటీలో ఒకసారి ఎత్తుకున్నవాడు మళ్లీ పాటకు రాకూడదు. అందుకే చివరి నెలకైనా అందరికీ ముడుతుంది. పాయింట్ల పద్ధతికి ఆ గట్టు లేదు. పాతవాళ్లు నెలల తరబడి కూడబెట్టుకుని, మంచి వస్తువు కనపడగానే ఎగరేసుకుపోతారు. కొత్తగా చేరినవాడు ఆరు నెలలు వచ్చినా వాడికి తుప్పు కత్తే దిక్కు. దీనికి విరుగుడుగా కొన్ని గిల్డులు వారం వారం ప్రతివాడి పాయింట్లలో పదో వంతో, ఐదో వంతో కోసేస్తూ వచ్చాయి. దాచుకున్నది కరిగిపోతుంటే ఎవరూ గుట్టలు పొయ్యరు. ఇంకొన్ని పాయింట్లనే తీసేసి, నలుగురు పెద్దలు కూర్చుని ఎవరికివ్వాలో తేల్చే పద్ధతికి వెళ్లాయి. అదే అన్నిటికంటే తొందరగా అయిపోయే పని, అన్నిటికంటే ఎక్కువ గొడవలు తెచ్చేదీ అదే. ఆ నలుగురిలో ఒకడి బావమరిదికి మంచి విల్లు దక్కిందనుకోండి, ఆ రాత్రికి గ్రూపులో ఎవరూ పడుకోరు.

మా క్లాన్‌లో లీగ్ అయ్యాక బోనస్ పతకాలు కొద్దిమందికే వస్తాయి. ఎవరికివ్వాలో ఆట చెప్పదు, లీడర్ చేతికి వదిలేస్తుంది. నేను చీటీ సూత్రమే పెట్టాను. ఈ నెల తీసుకున్నవాడు వరస తిరిగి వచ్చేదాకా ఆగాలి. ఏడు దాడులూ చేసినవాళ్లు మాత్రమే వరసలో ఉంటారు, దాడి ఎంత బాగా చేశారో చెప్పే నక్షత్రాలు ఎన్ని తెచ్చారన్నది నేను చూడను. దీని మీద గట్టి ఆటగాళ్లు మొదట్లో గొణిగారు. "అన్నా, మేం మూడు నక్షత్రాలు తెస్తుంటే ఒక్కటి తెచ్చేవాడికీ అంతేనా?" అని ఒకడు ముఖం మీదే అడిగాడు. అంతే అన్నాను. ఇప్పటికీ అంతే అంటాను. బాగా ఆడేవాడికి ఆటే ప్రతిఫలం ఇస్తుంది. రోజూ వచ్చి ఓడిపోతున్నా మానకుండా వచ్చేవాణ్ని నిలబెట్టుకోవాల్సింది క్లానే.

ఇక పెత్తనం. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, మోసే ముఠాలను చూడండి. ముఠాకో మేస్త్రీ ఉంటాడు. పని మాట్లాడేదీ, వచ్చిన కూలి చేతిలో పట్టుకునేదీ ఆయనే. ఆయన మాట చెల్లేది ముఠా ఆయన లెక్కను నమ్మినంత కాలమే. గిల్డు లీడరూ అంతే. కాకపోతే ఆటలో అధికారం ఇవ్వడం మరీ సులువు, ఒక్క నొక్కు నొక్కితే కో-లీడర్ అయిపోతాడు. మా ఆటలో కో-లీడర్‌కి ఎల్డర్లనీ మెంబర్లనీ బయటికి తోసే హక్కుంటుంది. ఒకసారి ఎవరో అడిగారని మొహమాటపడి ఇచ్చాను. ఏదో మాటకు మాట పెరిగి, వాడు రాత్రి రెండింటికి పదకొండు మందిని తోసేసి వెళ్లిపోయాడు. తెల్లారి ఒక్కొక్కరికీ ఫోన్ చేసి బతిమాలుకున్నాను. ఇద్దరు రాలేదు.

మాది చిన్న బాధ. ఐస్‌లాండ్‌ కంపెనీ 2003లో మొదలుపెట్టిన ఈవ్ ఆన్‌లైన్ అనే అంతరిక్ష నౌకల ఆటలో వేలమంది ఉండే కూటములున్నాయి. అందులో బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్ అనేది అప్పట్లో ఎదురులేని కూటమి. 2009 ఫిబ్రవరిలో దాని డైరెక్టర్లలో ఒకడు శత్రుపక్షమైన గూన్‌స్వార్మ్‌తో చేతులు కలిపి, తనకున్న హక్కుతో కూటమినే రద్దు చేసేశాడు. ఏళ్లు పోరాడి సంపాదించుకున్న పేరు, ఆకాశంలో హద్దులు ఒక్క రాత్రిలో పోయాయి. తుపాకీ పేలకుండానే సామ్రాజ్యం కూలింది.

అదే ఆటలో 2014 జనవరిలో జరిగింది ఇంకా చిత్రం. ఒక సౌరమండలం మీద హక్కు నిలవాలంటే ఎప్పటికప్పుడు రుసుము కట్టాల్సి వచ్చేది. ఒక పక్షం కట్టాల్సిన ఒక్క వాయిదా చెల్లింపు కాకుండా పోయింది. దానంతటదే చెల్లిపోతుందిలే అనుకున్నది చెల్లలేదు. అవతలివాళ్లు అది గమనించి వచ్చి పడ్డారు. ఏడున్నర వేల మందికి పైగా ఆటగాళ్లు, ఇరవై ఒక్క గంటలు. ఆటలోకెల్లా పెద్దవైన టైటాన్ నౌకలు 75 కూలిపోయాయి. పోయిన సరుకును నిజం డబ్బులోకి మార్చి చూస్తే మూడు లక్షల డాలర్ల పైచిలుకు అన్నారు. శిస్తు కట్టడం మరిచి భూమి వేలానికి తెచ్చుకున్న కథలు మన పల్లెల్లో ఎన్ని లేవు! అంత పెద్ద సైన్యానికి లేకపోయింది వాయిదా తారీఖు గుర్తుపెట్టుకునే ఒక గుమస్తా.

మా గుమస్తా పనిలో సగం గడియారం చూసుకోవడమే. ఇక్కడ పొద్దున ఏడైతే డాలస్‌లో చలికాలం ముందురోజు రాత్రి ఏడున్నర. మార్చిలో వాళ్లు గడియారాలు ముందుకు జరపగానే అదే ఎనిమిదిన్నర అవుతుంది, వాళ్ల పిల్లలు పడుకునే వేళ. కాబట్టి మార్చిలో వార్ మొదలుపెట్టే వేళ మారాలి. పైగా ఇక్కడ అది పరీక్షల నెల. ఇంటర్ పిల్లల పేర్లకు ఎదురుగా 'సెలవు' అని రాసి వార్‌లో చేర్చను. వాళ్లు అడిగినా చేర్చను.

ఎవరైనా వరసగా రెండు వార్‌లు ఎగ్గొడితే తోసెయ్యడం చాలా క్లాన్‌ల పద్ధతి. మా పద్ధతి ముందు ఫోన్ చెయ్యడం. ఒకడికి చేస్తే వాడు యార్డులో టిక్కీల మధ్య కూర్చుని ఉన్నాడు. రేటు పడిపోయింది, అమ్మాలా కోల్డ్ స్టోరేజీలో పెట్టాలా తేలక వాళ్ల నాన్నతో రెండు రోజులుగా అక్కడే ఉన్నాడట. "ఏరా, భోజనం చేశావా?" అని అడిగాను. వార్ మాటే ఎత్తలేదు. ఇప్పుడు మా క్లాన్‌లో దాడి తప్పనివాడు వాడే.

ఆటకు మించిన విలువ దీనిలో ఏముందని అడిగేవాళ్లుంటారు. డబ్బు పెట్టి ఆడే ఆటల్ని నిషేధించి ఈ-స్పోర్ట్స్‌ను గుర్తిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. అయినా ఇంట్లో పెద్దవాళ్లకు రెండూ ఒకటే, ఫోన్ పట్టుకుని కూర్చోవడమే. వాళ్ల భయం పూర్తిగా తప్పని నేననను. కానీ ఇరవై ఏళ్ల కుర్రాడు యాభై మందికి పద్దు రాయడం, బోనస్ రానివాడికి ఎందుకు రాలేదో ముఖాముఖి చెప్పడం, బంధువుని పక్కన పెట్టి వరస ప్రకారం ఇవ్వడం నేర్చుకునే చోట్లు ఇప్పుడెన్ని మిగిలాయి? ఒకప్పుడు మన వైపు వాటికి లోటు లేదు. రైతు సంఘాలతో దేశమంతా పేరు తెచ్చుకున్న ఎన్.జి. రంగా 1900లో పుట్టింది నిడుబ్రోలులోనే. చేనేతవాళ్లను కూడగట్టిన ప్రగడ కోటయ్య 1915లో పుట్టిందీ అక్కడే. సంఘాలు కట్టడం ఈ గడ్డకు కొత్త విద్యేమీ కాదు.

ఇంకా వెనక్కి వెళ్లొచ్చు. పొన్నూరుకు దగ్గర్లోనే భట్టిప్రోలు ఉంది. 1892లో అక్కడి స్తూపాన్ని పురావస్తు అధికారి అలెగ్జాండర్ రీ తవ్వించినప్పుడు బుద్ధుడి ధాతువులు దాచిన రాతి పెట్టెలు బయటపడ్డాయి. వాటి మీది బ్రాహ్మీ రాతల్ని లిపి పండితుడు బ్యూలర్ చదివాడు. రెండువేల ఏళ్లు దాటిన రాతలవి. వాటిలో 'నిగమ' అనే మాట ఉంది, 'గోఠి' అనే మాట ఉంది. గోఠి అంటే మన గోష్ఠే, ఒక పని కోసం కూడిన సంఘం. కుబీరకుడనే రాజును ఆ రాతలు ఒక గోష్ఠికి 'పాముఖో' అంటాయి, అంటే ప్రముఖుడు. మన లెక్కలో లీడర్. నన్ను ఆపేసింది మాత్రం ఆ రాజు కాదు. నిగమ సభ్యుల పేర్లు వరసగా చెక్కి ఉన్నాయి: జేతో, జంభో, తిసో... ఎవరు ఏ ఊరివాళ్లో, ఏ వ్యాపారం చేసేవాళ్లో ఆ వరస చెప్పదు. రాజు పేరు చెక్కి ఊరుకోకుండా అందరి పేర్లూ రాయించినవాడెవడో గాని, వాడికి గిల్డు నడపడం తెలుసు.

పేర్లు ఇలా బయట రాసిపెట్టుకోవాలని, ఆటలో ఉన్న పట్టికను నమ్ముకోకూడదని మాకు వేరే దారిలో తెలిసింది. 2020 సెప్టెంబరు 2న కేంద్రం పబ్‌జీ మొబైల్‌ను నిషేధించింది. 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్ వంతు వచ్చింది. పబ్‌జీ స్థానంలో 2021 జులైలో వచ్చిన బీజీఎంఐని 2022 జులైలో తీసేసి, మళ్లీ 2023 మేలో రానిచ్చారు. ఆట తిరిగొచ్చినా చాలా గుంపులు తిరిగి రాలేదు. స్నేహితుల పట్టికలో ఉన్నవి 'కింగ్', 'డెవిల్', 'రాయల్' అన్న ముద్దుపేర్లు. అసలు పేరు, ఊరు, ఫోన్ నంబరు చాలామంది దగ్గర లేవు. మళ్లీ కలిసినవి ఒకరి నంబరు ఒకరు రాసిపెట్టుకున్న గుంపులే.

మీ క్లాన్ పట్టిక ఇంకా ఆటలోనే ఉంటే, ఈ ఆదివారం వార్ మొదలుపెట్టేముందు ఒక నోటుబుక్కు తియ్యండి. ఫిజిక్స్‌దైనా పరవాలేదు. అసలు పేరు, ఊరు, నంబరు, కిందటి నెల ఎవరికి బోనస్ వెళ్లింది. ముందు ఈ నాలుగు గడులు గియ్యండి.