మార్చాల్సింది ప్రోటీన్‌నా, వాహకాన్నా?

ఇన్సులిన్ పని కణం పైపొర మీదే అయిపోతుంది. జన్యువును కత్తిరించే కాస్9కు అలా కుదరదు, కేంద్రకం దాకా వెళ్లాలి. అంత పెద్ద ప్రోటీన్‌ను కణం తనంతట తాను రానివ్వదు. ఒకవేళ మింగినా ఎండోసోమ్ అనే సంచిలో బంధించి అరిగించేస్తుంది.

హార్వర్డ్‌లో డేవిడ్ లియు బృందం 2015లో ఈ చిక్కును ప్రోటీన్ వైపు నుంచి విప్పింది. డీఎన్ఏను కణంలోకి పంపే ధనావేశ లిపిడ్లు ప్రయోగశాలల్లో అప్పటికే ఉన్నాయి. ప్రోటీన్‌కు గట్టి రుణావేశమున్న మరో ప్రోటీన్‌ను తోకలా తగిలిస్తే ఆ లిపిడ్లే దాన్నీ మోసుకెళ్తాయి. కాస్9కు దారిచూపే గైడ్ ఆర్ఎన్ఏకే రుణావేశం ఉంది కాబట్టి దానికి తోక కూడా అక్కర్లేదు. చక్కని ఉపాయమే, కానీ మిగతా చాలా ప్రోటీన్లను ఒక్కొక్కటిగా మలుచుకోవాలి.

జాన్స్ హాప్కిన్స్‌లో జోర్డన్ గ్రీన్ బృందం 2019లో ప్రోటీన్ జోలికి పోలేదు, దాన్ని మోసే వాహకాన్నే మార్చింది. పాలీ బీటా-అమైనో ఎస్టర్ అనే కొమ్మల పాలిమర్ చివర్లకు కార్బాక్సిల్ గుంపులు తగిలించింది. ఆ గుంపులు ప్రోటీన్‌లోని ధనావేశ భాగాలను, పాలిమర్‌లోని అమైన్లు రుణావేశ భాగాలను పట్టుకుంటాయి. అందుకే ఒకే నానోకణం రకరకాల ప్రోటీన్లను ఉన్నవి ఉన్నట్టే మోసింది. ఎండోసోమ్‌లో ఆమ్లత పెరిగితే అమైన్లు ప్రోటాన్లను పట్టేస్తాయి, సంచి పొర దెబ్బతింటుంది, ప్రోటీన్ బయటపడుతుంది. ఆ తర్వాత ఎస్టర్ బంధాలు నీటిలోనే తెగి పాలిమర్ చిన్న ముక్కలైపోతుంది. నాకు ఇందులో బాగా నచ్చింది ఇదే: పని ముగిశాక వాహకం కణంలో పేరుకుపోదు.

గాజుపళ్లెంలో ఇద్దరూ ఇద్దరే. 10 శాతం సీరం (రక్తద్రవం) కలిపిన మాధ్యమంలోనూ రెండు వాహకాలూ నిలిచాయి. జన్యువును మార్చడంలో లియు బృందం 80 శాతం దాకా వెళ్లింది, గ్రీన్ బృందం 75 శాతం దాటింది.

జంతువుల దగ్గరికొస్తే తేడా కనిపిస్తుంది. లియు బృందం ఎలుక లోచెవి రోమకణాల్లో 20 శాతం మార్పు సాధించింది. అక్కడితో ఆగకుండా 2018లో, వంశపారంపర్య చెవుడున్న ఎలుకల్లో వినికిడి నష్టాన్ని తగ్గించి చూపింది. గ్రీన్ బృందం 3.5 పికోమోల్ మోతాదుతో ఎలుకల మెదడు కణితిలో జన్యు ఎడిటింగ్ చేసింది. మోతాదు చాలా తక్కువ, మెచ్చుకోవాలి. కానీ ఆ కణితి ప్రయోగం కోసం మలిచినది, నయం చేసిన జబ్బు కాదు.

ఆలోచనలో గ్రీన్ పద్ధతే ముందుంది, రుజువులో లియు పద్ధతి. రెండుచోట్లా సూది వేసింది మాత్రం నేరుగా చెవిలోకి, పుర్రెలోకి. కాలేయానికో గుండెకో మందు చేరాలంటే సాధారణంగా రక్తంలోంచి వెళ్లాలి. కాబట్టి ఇలాంటి ఫలితం గురించి చదివినప్పుడు శాతాల కంటే ముందు సూది ఎక్కడ వేశారో చూడండి.