ఉచితంగా దొరికే తోడు – మన కథకుల దృష్టి

సెల్‌ఫోన్‌లో ఖర్చు లేకుండా పరిచయమై, కలకాలం కలిసి బతుకుదామనుకునే యువతీయువకులు ఇవాళ మన కథల్లోకి వచ్చారు. రావలసిందే. సమాజంలో వచ్చిన మార్పును పట్టించుకోని సాహిత్యం వెనకబడిపోతుంది. అయితే ఈ వస్తువుతో నేను చదివిన కథలు చాలావరకు రెండు మూసల్లో ఒదిగిపోయాయి. ఒక మూసలో డేటింగ్ యాప్ మాయల ఫకీరు. అమాయకురాలు మోసపోతుంది, పెద్దల మాట వినాల్సిందన్న నీతి చివర్లో వస్తుంది. రెండో మూసలో అదే యాప్ విమోచకుడు. కులగోత్రాలు అడగకుండా ఇద్దరినీ కలుపుతుంది, కాఫీ హోటల్లో కథ ముగుస్తుంది. మొదటిది ఛాందసం, రెండవది భ్రమ. దొరికిన తోడు నిలవడానికి ఏం కావాలన్న ప్రశ్న రెండింటిలోనూ లేదు.

ఈ ప్రశ్న గోదావరి ఒడ్డుకు కొత్తది కాదు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం జరిపించారు. వధూవరులను సమకూర్చడం కష్టమే. కాని అంతకు మించిన కష్టం పెళ్ళి నిలబెట్టడంలో ఎదురైంది. సంఘం వెలివేసింది. వంటవాళ్ళు, నీళ్ళు మోసేవాళ్ళు రావడం మానేశారు. రాజ్యలక్ష్మమ్మగారు స్వయంగా గోదావరి నీళ్ళు మోసి, వండి పెట్టారు. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు డబ్బు సాయం చేశారు. విద్యార్థులు అండగా నిలిచారు. అంటే ఆ ఉద్యమం పంతులుగారి వాదపటిమ మీద మాత్రమే నడవలేదు. పత్రిక, డబ్బు, ఇల్లు, బిందెడు నీళ్ళు, వాటిని మోసే మనిషి – ఇన్ని కలిస్తేనే నడిచింది.

గురజాడ ఈ సంగతి గ్రహించారు. గిరీశం ఇవాళ ఉంటే తప్పకుండా యాప్‌లో ఉండేవాడు. నాలుగు ఇంగ్లీషు ముక్కలు, సంస్కరణ కబుర్లు, ఎక్కడికక్కడ మార్చుకునే వేషం – అతని పెట్టుబడి అంతే. బుచ్చమ్మకు దొరికిన తోడు అతనే. 1909 నాటి కన్యాశుల్కంలో సౌజన్యారావు పంతులు గిరీశాన్ని తిరస్కరించి బుచ్చమ్మను పూనాలోని వితంతు శరణాలయానికి పంపే ఏర్పాటు చేస్తాడు. మోసం బయటపడ్డంతమాత్రాన నాటకకర్త పిల్లను తండ్రి ఇంటికి తోలెయ్యలేదు. ఆమె నిలబడడానికి ఒక చోటు చూపించాడు. మన మొదటి మూస కథకులు నేర్చుకోవలసింది ఇదే.

ఇక యాప్ సంగతి. చేరడం ఉచితం. తనను మెచ్చుకున్నది ఎవరో చూడాలన్నా, ఎక్కువమంది కంట పడాలన్నా సాధారణంగా డబ్బు కట్టాలి. వెతుకులాట సాగినంతకాలమే ఆ రాబడి. జంట కుదిరితే కంపెనీ ఇద్దరు ఖాతాదారులను పోగొట్టుకుంటుంది. పెళ్ళిళ్ళ పేరయ్యకు పెళ్ళి కుదిరితేనే సంభావన. ఈ కొత్త పేరయ్యకు కుదరకపోతేనే లాభం. ‘ఉచితం’ అనే మాట వెనకనున్న ఈ వ్యాపార తర్కాన్ని మన రెండో మూస కథకులు చూడడం లేదు.

యాప్ మనుషుల మధ్య దూరాన్ని కిలోమీటర్లలో కొలుస్తుంది. హైదరాబాదులో 20 కిలోమీటర్లంటే ముక్కూమొహం తెలియని జనసముద్రం. రాజమండ్రిలో 20 కిలోమీటర్లంటే ధవళేశ్వరం, కడియం, గోదావరి దాటితే కొవ్వూరు. అక్కడ మేనమామ కొడుకుంటాడు, పాత మేష్టారుంటారు, నాన్నగారి స్నేహితుడి అల్లుడుంటాడు. అబ్బాయి ఆలోచించకుండా ఫోటో పెడతాడు. అమ్మాయి ముఖం కనబడకుండా పెడుతుంది, లేదా మానేస్తుంది. ఇద్దరికీ యాప్ ఒకటే అయినా ధర ఒకటి కాదు. ఈ తేడా వాస్తవికతను కోరే కథకుడి కంటబడాలి.

దీనికి పోటీగా కులం పేరుతోనే నడిచే వివాహ వెబ్‌సైట్లున్నాయి. శాఖ, గోత్రం, జీతం, ఆస్తి – అన్నింటికీ గడులుంటాయి. 1961లో వరకట్న నిషేధ చట్టం వచ్చినా, ఎకరాల లెక్కన కట్నం మాట్లాడుకున్న డెల్టాకు ఆ గడులు కొత్త కావు. అక్కడ కుదిరిన సంబంధం వెనక చుట్టాలు, ఇల్లు, పొలం ఉంటాయి. దానికి నిలిచే బలం ఉంది, ఎంచుకునే స్వేచ్ఛ తక్కువ. యాప్‌లో స్వేచ్ఛ ఉంది, వెనక ఎవరూ లేరు. ఈ వైరుధ్యమే అసలు వస్తువు.

వెనక ఎవరూ లేకపోతే ఏమవుతుందో మనకు తెలియనిది కాదు. ఇద్దరు వయోజనుల ఇష్టం చాలునని, కులపంచాయతీలకు అడ్డుపడే హక్కు లేదని 2018 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది సెప్టెంబరులో మిర్యాలగూడలో, కులాంతర వివాహం చేసుకున్న దళిత యువకుణ్ణి గర్భవతి అయిన భార్య కళ్ళెదుటే నరికి చంపారు. 2022 మే 24న అమలాపురంలో, కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టడాన్ని వ్యతిరేకిస్తూ చెలరేగిన అల్లర్లలో మంత్రి ఇంటికే నిప్పు పెట్టారు. జిల్లాకు ఒక పేరునే సహించలేని కులాహంకారం ఇంటికి ఒక అల్లుణ్ణి సహిస్తుందా? స్వలింగ ప్రేమికుల మాట మరీ కష్టం. 2018లో వారి ప్రేమ నేరం కాకుండా పోయింది గాని, 2023 అక్టోబరులో వారి పెళ్ళిని గుర్తించడానికి సుప్రీంకోర్టు నిరాకరించింది.

కాబట్టి రచయిత మిత్రులకు నా మనవి ఇది. పరిచయం దగ్గర ఆగకండి. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ప్రకారం ముందుగా నోటీసు ఇచ్చి 30 రోజులు ఆగాలి. ఆ 30 రోజులూ ఆ జంట ఎక్కడ తలదాచుకుంది? అద్దె ఇంటివాళ్ళు కులం అడిగినప్పుడు ఏం చెప్పింది? మొదటి కాన్పుకు పురుడెవరు పోశారు? ఇవి రాయండి.

రిజిస్ట్రారు ముందు ముగ్గురు సాక్షులు సంతకం చెయ్యాలని ఆ చట్టమే అంటుంది. ఊరంతా దూరమైన జంటకు ఆ ముగ్గురే సమాజం. యాప్ వారిని వెతికిపెట్టదు. వాళ్ళు మన కథల్లో పాత్రలు కావాలి. అంతకంటె ముందు, మన సంఘం శాఖ ఉన్న ప్రతి ఊళ్ళోనూ అడగ్గానే వచ్చి సంతకం పెట్టే ముగ్గురు మనుషులు ఉండాలి.