తగలబడకముందే కొలిచారు

2019 ఏప్రిల్ 15న ప్యారిస్‌లో నోట్రడామ్ కెథడ్రల్ తగలబడుతుంటే టీవీలో అందరం శిఖరం కూలడమే చూశాం. 1163లో మొదలైన ఆ క్యాథలిక్ చర్చికి 19వ శతాబ్దపు శిఖరం నిన్నమొన్నటిదే. అసలు నష్టం పైకప్పుది. రాతి కమానుల మీద, సీసం రేకుల కింద ఓక్ దూలాల అల్లిక ఉండేది. అంత దట్టంగా ఉండేది కనుకే దానికి 'అడవి' అని పేరు. ఒక్క రాత్రిలో బూడిదైంది.

మరి ఉన్నదున్నట్టు మళ్లీ ఎలా కట్టగలిగారు? 2014లోనే రెమీ ఫ్రోమాన్, సెడ్రిక్ త్రెంతెసో అనే ఇద్దరు ఆర్కిటెక్టులు ఆ అటక ఎక్కి, దూలాలను కొలిచి గీసిపెట్టారు. అప్పుడు దాని అవసరం ఎవరికీ తెలియదు. మంటల తర్వాత వడ్రంగులకు ఆ గీతలే దిక్కయ్యాయి. పాతకాలం వాళ్లలాగే ఓక్ మొద్దులను గొడ్డళ్లతో చెక్కారు. అలా చెక్కితే దూలం చెట్టు నార వెంటే పోతుంది, బలం తగ్గదు. 2024 డిసెంబర్‌లో చర్చి తెరుచుకుంది. కొత్త శిఖరం మీది బంగారు కోడిపుంజు కడుపులో, పనిచేసిన సుమారు 2,000 మంది పేర్లు దాచారు. నాకు బాగా నచ్చిన ముచ్చట అది.

  

పాత గోడలను కొలవడం నాకో పిచ్చి. టేపు, సుతిలి, గళ్ల కాగితం చాలు. గోడ మందం కింద ఒక లెక్క, పైన ఒక లెక్క వస్తుంది. మూల నుంచి మూలకు దారం పట్టి చూస్తే చతురస్రం అనుకున్న గది కాస్త వంకర తేలుతుంది. ఆనాటి మేస్త్రీ చెయ్యి తెలిసేది ఆ తేడాల్లోనే. ఫోన్‌లో వంద ఫొటోలు తీసినా అది దొరకదు.

మన జగిత్యాల ఖిల్లా సంగతే చూడండి. 1747లో ఇబ్రహీం ధంసా ఫ్రెంచ్ ఇంజినీర్ల సాయంతో రాయి, సున్నంతో కట్టించాడు. చుట్టూ కందకం. దాని నక్షత్రం ఆకారం సోకుకు కాదు, ఒక కొమ్ము మీది ఫిరంగి పక్క గోడకు కాపలా కాయాలని. ఆ కోణాల్లోనే ఉంది విద్యంతా. అలాంటి గోడ పగుళ్లకు సిమెంటు మెత్తితే లోపలి తేమ బయటికి రాలేక రాయి పొరలు పొరలుగా లేస్తుంది. సున్నపు గోడకు సున్నమే మందు.

సివిల్ ఇంజినీరింగ్ చదివే పిల్లలకు ఒక మాట. ఖిల్లా బురుజైనా, కోరుట్లలో పాత ఇల్లైనా, సిరిసిల్లలో మగ్గం గుంత ఉన్న గదైనా, అనుమతి తీసుకుని ఈ సెలవుల్లో ఒక్కటి కొలవండి. గీసినదాని ప్రతిని ఊరి గ్రంథాలయంలో ఇవ్వండి. కింద తేదీ వేయడం మరవకండి.