కత్తి పక్కన పెట్టి చూస్తే...

“కత్తి కాంతారావు” అనగానే ఎవరికైనా ఒకటే గుర్తొస్తుంది: మెరిసే దుస్తులు, తలమీద కిరీటం, ఎదురుగా రాజనాల, మధ్యలో ఖణేల్‌ ఖణేల్‌మని కత్తులు! పిల్లలు ఈలలు వేసేవాళ్ళు, పెద్దలు నవ్వుకునేవాళ్ళు. అయితే ఆ బిరుదే ఆయనలోని నటుణ్ణి కప్పేసిందని నాకనిపిస్తుంది.

తాడేపల్లి లక్ష్మీకాంతారావు గారు 1923లో కోదాడ దగ్గర గుడిబండలో పుట్టారు. అప్పుడది నిజాం రాజ్యం. సినిమాలేమో మద్రాసులో. సూర్యాపేట, మిర్యాలగూడ వైపు నుంచి వెళ్ళి అక్కడ నిలదొక్కుకోవడం ఆ రోజుల్లో మాటలా? 1953లో హెచ్‌.ఎం.రెడ్డి గారి ‘ప్రతిజ్ఞ’తో కథానాయకుడయ్యారు. తమాషా ఏమిటంటే, రాజనాల తెరకెక్కింది కూడా ఆ చిత్రంతోనే! తర్వాత విఠలాచార్య గారి ‘జయవిజయ’, ‘గురువును మించిన శిష్యుడు’, ‘జ్వాలాద్వీప రహస్యం’... జానపదాలకు ఆయనే రాకుమారుడు.

నిజం చెప్పాలంటే, ఆ రాకుమారులందరూ నాకు ఒక్కలాగే ఉంటారు. రాకుమారి కనపడితే అదే చిరునవ్వు, మాంత్రికుడు కనపడితే అదే కోపం. సాంఘిక చిత్రాల్లో కూడా ఆయన కాస్త బిగుసుకున్నట్టే ఉంటారు. మరి ఆయన గొప్పతనం ఎక్కడుందీ అంటారా? ఇంకొకరి పక్కన నిలబడినప్పుడు!

‘నర్తనశాల’ (1963) చూడండి. రామారావు గారు అర్జునుడు, కాంతారావు గారు కృష్ణుడు. అప్పటికే ‘మాయాబజార్‌’ వచ్చి ఆరేళ్ళయింది. కృష్ణుడంటే రామారావేనని జనం మనసులో ముద్ర పడిపోయింది. అలాంటి మనిషి ఎదురుగా నిలబడి ఉండగా కృష్ణ వేషం కట్టాలంటే ఎంత గుండె ధైర్యం కావాలి! ఆయన్ని అనుకరించలేదు, ఆయనతో పోటీ పడలేదు. నెమ్మదిగా, మనింటికొచ్చిన బావగారిలా ఒప్పించారు. ‘సీతారామ కల్యాణం’, ‘శ్రీకృష్ణ తులాభారం’ చిత్రాల్లో నారదుడూ అంతే. కలహం పెడతాడు గానీ వెకిలితనం ఉండదు.

అన్నిటికీ మించి ‘లవకుశ’ లక్ష్మణుడు. గర్భవతి అయిన వదినను అడవిలో దింపి రమ్మన్నాడు అన్న. కాదనలేడు, వదినకు ఎలా చెప్పాలో తెలియదు. అన్న మాటకూ వదిన కన్నీటికీ మధ్య నలిగిపోయే మరిది మనకు తెలియనివాడా? అంజలీదేవి సీతమ్మ దుఃఖం చూసి ఏడ్చాం గానీ, ఆ దుఃఖాన్ని మోసుకుని వెనక్కి వెళ్ళే మనిషిని ఎంతమందిమి గమనించాం? అక్కడ ఆయన గుండెలు బాదుకుని ఉంటే చప్పట్లు వచ్చేవేమో. కానీ ఏడుపు సీతది కావాలి గదా! తాను తగ్గి, ఆమెను నిలబెట్టారు. ఆ తగ్గడం చేతగానివాళ్ళు పని కాదు.

‘సప్తస్వరాలు’ (1969) మొదలు సొంతంగా చిత్రాలు తీసి నష్టపోయారు. ఆస్తులు కరిగిపోయాయి. 2000 సంవత్సరానికి రఘుపతి వెంకయ్య పురస్కారం వచ్చింది, కానీ ఇబ్బందులు తీరలేదు. 2009 మార్చి 22న హైదరాబాదులో కన్నుమూశారు. ఇప్పుడు ఆయన పేరెత్తితే చాలు, “పాపం, చివరికి ఎంత కష్టపడ్డాడో!” అంటారు. ఆ మాట అబద్ధం కాదు. అయితే జాలి వేరు, గౌరవం వేరు. జాలి ఆయన జేబును చూస్తుంది. గౌరవం కావాలంటే ఆయన పనిని చూడాలి.

అందుకని ఈసారి టీవీలో ‘లవకుశ’ వేసినప్పుడు, ఆ అడవి ఘట్టంలో సీతమ్మ మీద నుంచి ఒక్క క్షణం చూపు తిప్పి, లక్ష్మణుణ్ణి కూడా చూడండి.