పసుపు పనుల వేళ చదరంగానికి సెలవు

సంక్రాంతి దాటిందంటే ఆర్మూరు చుట్టుపక్కల ఊళ్లలో పసుపు పని ఊపందుకుంటుంది. తవ్విన పసుపులో కొమ్ము, మండ వేరు చేయాలి. ఉడకబెట్టాలి, పది పదిహేను రోజులు ఎండబెట్టాలి, పాలిష్ పట్టించి నిజామాబాద్ మార్కెట్ యార్డుకు చేర్చాలి. ఆకాశం మబ్బేస్తే అర్ధరాత్రయినా లేచి కళ్లంలో టార్పాలిన్లు కప్పాల్సిందే. తడిసిన పసుపు రంగు తగ్గుతుంది, రంగు తగ్గితే ధర పడిపోతుంది. ఇలాంటి రోజుల్లో రైతు ఇంటి కుర్రాడు ఫోన్‌లో కరస్పాండెన్స్ చదరంగం ఆడుతుంటే అతని గడియారం ఏమవుతుంది? ఆ ఆటలోని సెలవు నియమాలు ఇందుకోసమే.

ఎత్తుకూ ఎత్తుకూ మధ్య రోజులు గడిచే ఈ ఆట తెలంగాణకు కొత్తదేమీ కాదు. 1828-29లో మద్రాసు, హైదరాబాదు ఆటగాళ్ల మధ్య ఉత్తరాల మీద రెండు ఆటలు నడిచాయి. మద్రాసు ఆటగాడు గులాం ఖాసిం, జేమ్స్ కాక్రేన్‌తో కలిసి ఆ ఆటలను 1829లో పుస్తకంగా అచ్చువేశాడు. రాజు గాంబిట్ అనే ఆట ఆరంభంలో ఒక శాఖను నేటికీ ఖాసిం పేరుతోనే పిలుస్తారు. లండన్, ఎడిన్‌బరో క్లబ్బుల ప్రసిద్ధ ఉత్తరాల పోటీ 1824 నుంచి 1828 దాకా సాగింది. అంటే మన హైదరాబాదు ఆ పోటీ ముగిసిన కాలంలోనే ఈ ఆటలోకి దిగింది. మన చదరంగ చరిత్ర చెప్పేటప్పుడు ఈ ముచ్చట తప్పక చెప్పాలి.

పోస్టు కాలంలో ఆలోచనకు పట్టిన రోజులనే లెక్కించేవారు, దారిలో పోయిన రోజులను కాదు. అందుకే కార్డు అందిన తేదీ, జవాబు పంపిన తేదీ రెండూ రాయాలి. భాష తెలియకపోయినా ఇబ్బంది లేకుండా గడులకు అంకెలు పెట్టారు. రాజు ముందున్న తెల్ల బంటును రెండు గళ్లు జరిపితే 5254 అని రాస్తే చాలు. 1951లో ఏర్పడిన అంతర్జాతీయ కరస్పాండెన్స్ చెస్ సమాఖ్య ఈ పద్ధతులకు ఒక రూపం ఇచ్చింది. 2004లో తన సర్వర్‌ను తెచ్చాక పోస్టు ఆలస్యం పోయింది. పొలం పనులు, జబ్బులు, పెళ్లిళ్లు, ప్రయాణాలు మాత్రం పోలేదు.

సర్వర్ పోటీల్లో చాలాకాలం నడిచిన లెక్క పది ఎత్తులకు 50 రోజులు. ఒకే ఎత్తు మీద 20 రోజులు దాటితే ఆపైన ప్రతి రోజూ రెండు రోజుల కింద కోత పడుతుంది. ఎవరైనా పసుపు హడావిడిలో పడి 26 రోజులు జవాబివ్వలేదనుకుందాం. మొదటి 20, ఆపై ఆరుకు పన్నెండు, మొత్తం 32 రోజులు పోయినట్టే. మిగిలిన తొమ్మిది ఎత్తులకు దక్కేది 18 రోజులు. అదే మనిషి ముందే 15 రోజులకు సెలవు పెట్టి ఉంటే, ఆ రోజుల్లో గడియారం ఆగుతుంది కాబట్టి ఖర్చయ్యేది 11 రోజులే. ఒకే ఎత్తు, ఒకే పసుపు పని. ముందు చెప్పడం, చెప్పకపోవడం మధ్య 21 రోజుల తేడా!

పోస్టు రోజుల నుంచీ ఏడాదికి 30 రోజుల సెలవు చాలాకాలం పరిపాటిగా ఉండేది. అది ఆటగాడి హక్కు, కారణం చెప్పనక్కర్లేదు. గడువు పొడిగింపు అలా కాదు. ఆసుపత్రిలో చేరడం వంటి ఊహించని కష్టం వస్తే టోర్నమెంట్ నిర్వాహకుడిని అడగాలి, ఇవ్వాలా వద్దా అన్నది ఆయన నిర్ణయం. సరదాగా ఆడే వేదికల్లో తీరు వేరు. లిచెస్‌లో ఎత్తుకు ఒక రోజు నుంచి 14 రోజుల దాకా గడువు పెట్టుకోవచ్చు కానీ సెలవు అనే సదుపాయమే లేదు. చెస్ డాట్ కామ్‌లో సభ్యుడి ఖాతాలో సెలవు రోజులు జమవుతూ ఉంటాయి.

సెలవును వాడుకునేవాళ్లు ఉన్నట్టే దుర్వినియోగం చేసేవాళ్లూ ఉన్నారు. ఓటమి ఖాయమయ్యాక ఎత్తు వేయకుండా నెలల తరబడి సాగదీయడం ఈ ఆటకు పట్టిన పాత జబ్బు. అవతలివాడు చనిపోతేనైనా గట్టెక్కుతామని ఆగే ఈ పద్ధతికి ఆటగాళ్లు ‘చచ్చినవాడి డిఫెన్స్’ అని పేరు పెట్టారు. వినడానికే కష్టంగా ఉంటుంది. దీన్ని అరికట్టడానికి సమాఖ్య ఇటీవల ట్రిపుల్ బ్లాక్ అనే లెక్క తెచ్చింది. మొదట ఇచ్చే సమయం ఒకటి, బ్యాంకులో ఉంచే సమయం ఇంకొకటి, ప్రతి ఎత్తుకూ చేరే అదనపు సమయం మూడోది. ఏ సమయాన్ని ఎప్పుడు వాడాలన్నది ఆటగాడి ఇష్టం, మొత్తానికి మాత్రం హద్దు ఉంటుంది. నిజాయితీగా ఆడేవాడికి ఈ కొత్త పద్ధతే మేలు.

ఆర్మూరు ప్రాంతంలో గల్ఫ్‌కు పోయినవాళ్లు లేని ఊరు అరుదు. దుబాయిలో షిఫ్టులు మారే అన్న, ఊళ్లో కళ్లం కాపలా కాసే తమ్ముడు ఒకే వేళకు కూర్చుని నిమిషాల్లో ముగిసే బ్లిట్జ్ ఆడడం అయ్యే పని కాదు. రోజుకో ఎత్తు చొప్పున అయితే ఆడగలరు. పోటీలో పేరు ఇచ్చేముందు సెలవు నిబంధన ఒకసారి చదవండి. జనవరి నుంచి మార్చి దాకా ఆటల సంఖ్య తగ్గించుకోండి. తవ్వకం మొదలయ్యే ముందురోజే సెలవు పెట్టేయండి.