అన్వేషణ కనిపించని అన్వేషణ చిత్రము

అమెజాన్ అడవులలో ప్రాచీన నగరమొకటి మరుగుపడి ఉన్నదని నమ్మి, దానిని వెదకబోయి 1925లో అదృశ్యుడైన ఆంగ్లేయుడు పెర్సీ ఫాసెట్. ఆయన కథను జేమ్స్ గ్రే దర్శకత్వమున 2016లో ‘ది లాస్ట్ సిటీ ఆఫ్ జెడ్’ అను చిత్రముగా తీసినారు. డేవిడ్ గ్రాన్ 2009లో ప్రచురించిన గ్రంథము దీనికి ఆధారము. కొలంబియా అడవులలో తీసిన దృశ్యములు కన్నుల పండువుగా ఉన్నవి. ఫాసెట్ పాత్రలో చార్లీ హన్నమ్ నిండుగా నటించినాడు. అయినను భూగోళమును, చరిత్రను బోధించువారికి ఈ చిత్రము నిరాశనే మిగుల్చును.

1906లో ఫాసెట్ అడవికి వెళ్ళినది నగరము కొరకు కాదు. బొలీవియా, బ్రెజిల్ దేశముల సరిహద్దును కొలుచుటకు. రబ్బరు గిరాకి వలన అక్కడి నదీతీరములకు గొప్ప విలువ వచ్చిన రోజులవి. తటస్థ సంస్థగా లండనులోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ ఆయనను పంపినది.

ఈ కొలత ఎట్లు జరుగును? భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగును. కావున నక్షత్రములను చూచి ఒక చోటి స్థానిక కాలమును కనుగొని, వెంట తెచ్చిన గడియారము చూపు గ్రీనిచ్ కాలముతో పోల్చినచో ఆ చోటి రేఖాంశము తెలియును. గడియారము 4 సెకండ్లు తప్పినచో భూమధ్యరేఖ దగ్గర సుమారు 1.85 కిలోమీటర్ల తేడా వచ్చును. తెప్పల మీద, కూలీల వీపుల మీద, వానలో ప్రయాణించు గడియారమును కాపాడుకొనుట ఎంత కష్టమో ఊహింపుడు. చిత్రములో పరికరములు కనిపించును గాని, అవి చేయు పని ప్రేక్షకునికి బోధపడదు. బాణములు, పిరానా చేపలు తెరనిండా ఉన్నవి. కొలత మాత్రము లేదు.

అనేక యాత్రలను మూడుకు కుదించుట సినిమాకు తప్పనిసరి కావచ్చును. అంతకంటె పెద్ద లోపము మరొకటి ఉన్నది. చిత్రములోని ఫాసెట్, అడవి ప్రజల నాగరకతను గుర్తించి, వారి పక్షమున సభలో వాదించిన ఉదారుడు. నిజమైన ఫాసెట్ ఆ ప్రజలతో తరచు మెత్తగా మెలగిన మాట వాస్తవమే. కాని ఆ నగరములను వెలుపలి నుండి వచ్చిన శ్వేతజాతివారు కట్టియుందురని ఆయన ఊహ. రియో డి జనీరో గ్రంథాలయములోని 1753 నాటి వ్రాతప్రతి వర్ణించిన రాతి కట్టడములే ఆయన మనస్సున నిలిచినవి. ఈ పొరపాటును తొలగించి, చిత్రము నాయకునికి మేలు చేసినది, ప్రేక్షకునికి చేయలేదు.

ఏలయన, తరువాత దొరికిన సాక్ష్యము రాతిది కాదు, మట్టిది. ఫాసెట్ అదృశ్యమైన షింగూ నది ఎగువ ప్రాంతమున మైకేల్ హెకెన్‌బెర్గర్ బృందము, అచటి కూయికురో ప్రజల సహకారముతో, కందకములు, వెడల్పైన బాటలు, కూడలులు గల పెద్ద గ్రామముల జాడలను గుర్తించి 2003లో ప్రకటించినది. వానిని కట్టినది ఆ ప్రజల పూర్వులే. అమెజాన్‌లో పలుచోట్ల బొగ్గు, ఎముకలు, కుండ పెంకులు కలిసిన సారవంతమైన నల్లమన్ను కూడ పూర్వపు జనావాసములకు గుర్తు. ఫాసెట్ సరిహద్దులు కొలిచిన బొలీవియాలోనే, ఆకాశము నుండి లేసర్ కిరణములతో అడవిని పరీక్షించి, క్రీ.శ. 500–1400 నాటి కసారబే సంస్కృతి పట్టణములను, 22 మీటర్ల ఎత్తు గల మట్టి పిరమిడును 2022లో వెల్లడించినారు. మట్టి, కొయ్య కట్టడములపై అడవి పెరిగినచో, రాతి గోడలను వెదకు కన్నులకు అవి కానరావు.

చిత్రము ఫాసెట్ విశ్వాసమును కీర్తించి ముగియును. విశ్వాసము ఆయనను అడవికి నడిపించినది; అదే విశ్వాసము కాలి క్రింది సాక్ష్యమును గుర్తింపనీయలేదు. ఈ రెండవ విషయమును చెప్పియున్నచో కథ మరింత విషాదముగను, మరింత సత్యముగను ఉండెడిది.

విద్యార్థులకు ఈ చిత్రమును చూపదలచిన ఉపాధ్యాయులు దక్షిణ అమెరికా పటమును దగ్గర ఉంచుకొందురు గాక. చిత్రము ముగిసిన పిమ్మట రెండు ప్రశ్నలు అడుగవచ్చును: ఫాసెట్ తానున్న చోటును ఎట్లు తెలిసికొనెను? పాత ఊరు ఒకటి అచట ఉండెనని చెప్పుటకు ఎట్టి సాక్ష్యము కావలెను? ఈ రెంటికిని జవాబు చిత్రములో దొరకదు. పటము, గడియారము, పిడికెడు నల్లమన్ను గూర్చిన పాఠములో దొరకును.